కరణీకం రద్దయినప్పుడు పరిహారం అడిగే హక్కు ఉండేదా?

మీ తాతగారి కరణీకం, అంటే ఊరి భూముల లెక్కలు రాసే పదవి, 1984లో పోయింది, తరతరాల హక్కు కాబట్టి పరిహారం రావలసింది కదా అని అడిగారు. మా తాతగారూ గుంటూరు జిల్లాలో కరణమే. ఆ జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చిన కొద్దిరోజులకే రెవెన్యూ సిబ్బంది మా ఇంటికి వచ్చారు. అడంగళ్ళు, పదో నంబరు లెక్క, పొలాల పటాలు అరుగుమీద పేర్చి ఒక్కొక్కటీ రాసుకున్నారు. మూట కట్టాక ఆ ముడి వదులుగా ఉందని తాతగారు విప్పి, తన చేత్తో మళ్ళీ బిగించి ఇచ్చారు. నాకప్పుడు పదకొండేళ్ళు.

హైకోర్టులో రిట్ వేయాలని ఆయన హైదరాబాదు వెళ్ళారు. న్యాయవాది మొదట అడిగిన మాట: "పోయింది భూమా, ఉద్యోగమా?" మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి. కరణాల సర్వీసు ఇనాముల్లో, అంటే సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూముల్లో, చాలావాటిని బ్రిటిషువారి కాలంలోనే సేవా షరతు తొలగించి సొంత భూములుగా మార్చారు, సేవకు జీతం ఏర్పరిచారు. ఆ భూమి కుటుంబానిది. పదవి ప్రభుత్వానిది.

వారసత్వపు వాదన అప్పటికే వీగిపోయింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు (గ్రామ పెద్ద) పదవి గురించి వచ్చిన గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1895 నాటి మద్రాసు చట్టంలోని వారసత్వ నిబంధన ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశం ఇచ్చే రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. వంశాన్నిబట్టి ప్రభుత్వ పదవి ఇవ్వకూడదన్నది నాకూ సమ్మతమే. 1982లో తమిళనాడు కేసులో, పదవినే రద్దు చేస్తే అది 311వ అధికరణం కింద ఉద్యోగిని తొలగించినట్టు కాదన్నారు. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో మన ఆర్డినెన్సునూ సమర్థించారు. అది గడువు తీరినా రద్దయిన పదవులు తిరిగి రావన్నారు. ఆర్డినెన్సుల ప్రభావం గురించిన ఆ వాదనను 2017లో సుప్రీంకోర్టులోనే ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. దానితో పాత కరణీకాలు తిరిగి వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అయినా ముప్పై ఏళ్ళు ఊరి లెక్కలు రాసిన మనిషిని పింఛను లేకుండా పంపడం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమని నేననలేను.

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే ఇనాం టైటిల్ డీడ్ కోసం వెతకండి. మాది శిస్తు రసీదుల అడుగున, నాలుగు మడతల్లో దొరికింది. భూమి సంగతి అడగాలంటే మీకు కావలసింది ఆ కాగితమే.