గుర్రం ముందా, నీళ్లు ముందా?

ప్రశ్న: మాది మలికిపురం. సెలవుల్లో పిల్లలతో ఒకే రోజు గుర్రపు స్వారీ, జిప్‌లైన్ (తీగకు వేలాడుతూ జారడం), స్నోర్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైనుంచి అడుగు చూడటం) మూడూ చేయాలని ఉంది. అంతర్వేదిలో కుదురుతుందా? ఏది ముందు పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అంతర్వేదిలో స్నోర్కెలింగ్ మాట మర్చిపోండి. వశిష్ఠ గోదావరి ఒండ్రంతా తెచ్చి అక్కడే సముద్రంలో కలుపుతుంది. మాస్కు పెట్టుకుని తల ముంచితే కనపడేది బురదే. స్నోర్కెలింగ్‌లో అందరూ చూడాలనుకునే పగడాలకు ఆ ఒండ్రూ పడదు, మంచినీళ్లూ పడవు. వాటిని చూడాలంటే అండమాన్‌లో హేవ్‌లాక్ దీవికి వెళ్లండి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. వానాకాలంలో మాత్రం వద్దు.

మూడూ దొరికే చోటికి వెళ్తే వరస ముఖ్యం. నేనొకసారి సముద్రంలోంచి లేచి తడి నిక్కరుతోనే గుర్రమెక్కాను. ఉప్పు, ఇసుక, జీను కలిసి తొడలు ఒరుసుకుపోయాయి. రెండు రోజులు కాళ్లు ఎడంగా పెట్టి నడిచాను, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అందుకే ఎండ ముదరకముందే ఫుల్ ప్యాంటుతో గుర్రం, అదే ప్యాంటుతో జిప్‌లైన్, ఆఖర్న నీళ్లు. మధ్యాహ్నం గాలి లేస్తుందని పడవవాళ్లు చెబితే నీళ్లే ముందు కానిచ్చి, మంచినీళ్లతో స్నానం చేసి, పొడి బట్టలు కట్టుకుని గుర్రమెక్కండి. జిప్‌లైన్‌కు బరువు చూస్తారు, పిల్లల బరువు ముందే చెప్పి అడగండి.