పాలసీ సంగతి తర్వాత, ముందు ఆ మూడు రూపాయల వడ్డీ వదిలించుకోండి

కోసిగి దగ్గర పల్లె నుంచి వచ్చి కర్నూలు కల్లూరులో అద్దెకుంటున్న ఒక చెల్లెలు రాసింది. భర్తది బేల్దారి పని, రోజుకు 900. పనిలో పడి కాలు విరిగితే ప్రైవేటులో ఆపరేషన్‌కు 70,000 అయింది, మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఈమెకు బట్టల షాపులో 9,000 జీతం. అత్తకు షుగర్. ఏడాదికి 18,000 కట్టి హెల్త్ పాలసీ తీసుకోవాలా, రెండు తులాల గొలుసు అమ్మి అప్పు తీర్చాలా అని అడుగుతోంది.

పాలసీ ఇప్పుడు వద్దమ్మా. మీరు నెలకు 2,100, ఏడాదికి 25,200 వడ్డీకే పోస్తున్నారు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. పైగా అత్తకు ముందే ఉన్న షుగర్‌కు చాలా పాలసీలు రెండు మూడేళ్ల దాకా ఏమీ ఇవ్వవు. గొలుసు కూడా అమ్మొద్దు, బ్యాంకులో కుదువ పెట్టండి. వడ్డీ రూపాయి లోపే పడుతుంది కాబట్టి నెలకు కనీసం 1,400 మిగులుతుంది. పాలసీకని అనుకున్న 18,000 అసలుకు కట్టేయండి.

నాకు బాధేసింది మాత్రం "కార్డు ఊరి అడ్రసు మీద ఉంది, ఇక్కడ చెల్లదనుకున్నాం" అని మీరు రాసిన మాటకు. చెల్లుతుంది! ఎన్టీఆర్ వైద్యసేవ, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటున్నదే, దానికి మీ ఊరితో పని లేదు, ఆ పథకం ఉన్న ఆసుపత్రి ఏ ఊళ్లో ఉన్నా చూస్తారు. ఇంకోసారి ఇలాంటిది వస్తే (రాకూడదు) ఆటో ఎక్కకముందే 104కు ఫోన్ చేసి అడగండి, లేదంటే నేరుగా పెద్దాసుపత్రికి పోండి. అత్త బీపీ, షుగర్ మాత్రలు మీ వార్డు దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితం, నెలనెలా మెడికల్ షాపులో కొనక్కర్లేదు.

షాపులో పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేస్తుంటే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగులకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా, గట్టిగా అడగండి. 21,000 లోపు జీతాలకు అది వర్తిస్తుంది, మీ జీతంలోంచి పోయేది నెలకు 68 రూపాయలే, భర్తకూ వైద్యం దొరుకుతుంది. ఆయన పేరు మీద బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా ఈ వారమే చేయించండి, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తుంది.

అయినా ఉచిత వైద్యంతో అన్నీ తీరవు. మా పెద్దమ్మ పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులుంటే మందులకు పైసా కాలేదు, కానీ ఆటోలు, టిఫిన్లు, పక్కన కూర్చున్న మా అన్న పోగొట్టుకున్న కూలి కలిసి ఇల్లు ఖాళీ అయింది. మిమ్మల్ని వడ్డీకి తోసేది అదే. అందుకని వడ్డీలో మిగిలే ఆ 1,400 వేరే ఖాతాలో వేస్తూ పోండి, పది నెలల్లో ఆయన పదిహేను రోజుల కూలి, 13,500, చేతిలో ఉంటుంది. గొలుసు విడిపించడానికి కూడా దాన్ని ముట్టుకోవద్దు.