పేలలేదంటే లోపల ఏమీ కానట్టేనా?

గట్టి దెబ్బ తగిలినా పేలకుండా మిగిలిన పేలుడు పదార్థం లోపల ఏమైనా మారుతుందా అని అడిగారు. మారుతుంది. పైన గీత కూడా పడకపోవచ్చు, కానీ లోపల అది పాత ముక్క కాదు.

చదువుకునే రోజుల్లో నేను ఈ పనే చేశాను. అసలు పేలుడు పదార్థంతో కాదు. హెచ్‌ఎమ్‌ఎక్స్ అనే పేలుడు పదార్థపు స్ఫటికాల బదులు చక్కెర పలుకులు, వాటిని పట్టి ఉంచడానికి రబ్బరులాంటి బైండర్. పేలే గుణం లేకుండా, విరగడం మాత్రం దాదాపు అలాగే విరుగుతుందని ల్యాబుల్లో చక్కెర వాడతారు. బరువు జారవిడిచి కొట్టాక ముక్కను కోసి, నూనెతో పాలిష్ చేసేవాళ్లం. నీళ్లు తగిలితే పలుకులు కరిగిపోతాయి.

మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూసింది నాకింకా గుర్తుంది. పెద్ద పలుకులు నిలువునా చీలాయి, పగుళ్లు ఎక్కువగా దెబ్బ పడిన దిశలోనే సాగాయి. పలుకు అంచున బైండర్ ఊడిపోయి, వెంట్రుక కన్నా సన్నటి నల్లగీతలా ఖాళీ. చిన్న పలుకులు చాలావరకు చెక్కుచెదరలేదు. పాలిష్ పట్టడం వల్ల కూడా పగుళ్లు వస్తాయి కాబట్టి, దెబ్బ తగలని ముక్కను అదే పద్ధతిలో తయారుచేసి పక్కన పెట్టి పోల్చకుండా ఏదీ నమ్మేవాళ్లం కాదు.

ఆ సన్నటి ఖాళీలతోనే అసలు చిక్కు. దెబ్బ శక్తి పదార్థమంతా సమానంగా పరుచుకుంటే, చాలాసార్లు అది అంటుకునేంత వేడెక్కదు. వేడి ఎక్కడో చిన్న చోట పోగవ్వాలి. వీటినే హాట్ స్పాట్లు అంటారు. కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, యోఫ్ అనే శాస్త్రవేత్తలు 1952 నాటికే ఈ సంగతి వివరంగా రాశారు: పరిమాణం సుమారు 0.1 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆయుష్షు మిల్లీసెకను లోపే. ఖాళీ ఒక్కసారిగా మూసుకుపోయినా, పగులు గోడలు ఒకదానితో ఒకటి రాసుకున్నా అక్కడ వేడి పుడుతుంది. అంటే మొదటి దెబ్బ, రెండో దెబ్బకు చోట్లు సిద్ధం చేసి పెడుతుంది.

హెచ్‌ఎమ్‌ఎక్స్‌లో ఇంకో మార్పు కూడా ఉంది. వేడి సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దాకా వెళితే బీటా అనే స్ఫటిక రూపం డెల్టా అనే మరో రూపంగా మారి, ఘనపరిమాణం దాదాపు 7 శాతం పెరుగుతుంది. డెల్టా రూపం దెబ్బకు మరింత సున్నితం. చల్లారాక తిరిగి బీటాగా మారినా, ఉబ్బినప్పుడు పడిన పగుళ్లు పోవు.

ఎక్స్‌రే సీటీలో పెద్ద పగుళ్లు దొరుకుతాయి. మైక్రాన్ మందంలో ఊడిన అంచులను పట్టుకోవడం కష్టం. కిందపడిన ముక్కను, పైకి ఎంత బాగున్నా, పక్కన పెట్టేయమనేది అందుకే.