కొంగు చాటున దాచకు బిడ్డా

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రి చూసిన. "పెద్దమ్మా, ఎవ్వరికీ చెప్పకు" అని మొదలువెట్టి, పాపకు పాలిచ్చే రొమ్ముల గడ్డ తగిలిందని రాసినవు. ముందు ఆ మాటకే జవాబు చెప్త. మీ ఆయనకు చెప్పు, మీ అత్తకూ చెప్పు. దేవరకొండ దిక్కు ఊర్లల్ల ముప్పై ఏండ్లు నర్సుగ తిరిగిన. రొమ్ముల గడ్డ తగిలితే కొంగు చాటున దాచుకొని నెలలు గడిపినోళ్లను మస్తుమందిని చూసిన. అండ్ల నేను గూడ ఒకదాన్ని. మీ అన్న కడుపుల ఉన్నప్పుడు ఐదో నెలల గోలీకాయంత తగిలింది, వేలు పెడితే జారుతుండె. ఊరందరికి జాగ్రత్తలు చెప్పేదాన్ని, నోరు మూసుకొని కూసున్న. ఏడో నెలకు నిమ్మకాయంతయింది, అప్పుడు పోయిన. ఫైబ్రోఎడినోమా అన్నరు. కడుపుతోని ఉన్నప్పుడు హార్మోన్లకు అది పెరుగుతదట, క్యాన్సర్ గాదు. పాలు మాన్పించినంక చిన్నగైంది. ఆ రెండు నెలలు నిద్రలేకుండ ఏడ్చింది ఉత్తదే.

నీది పాలిచ్చే కాలం. పాలు వచ్చే నాళం వాచి పాలు సాగక గడ్డలెక్క తగలొచ్చు. లేదంటే లోపల పాలతోనే నిండిన తిత్తి తయారైతది, గెలాక్టోసీల్ అంటరు. సూదితోని గుంజితే పాలే వస్తయి. ఎర్రగై, సలుపుతూ చలిజ్వరం వస్తే మాత్రం ఆగకు, అదే రోజు ఆస్పత్రికి పో, చీము పట్టనియ్యొద్దు.

పాపకు పాలు మాన్పకు, ఆ దిక్కు గూడ తాపు. ఇంకోటి, మా కాలంల వేడి కాపడం పెట్టి గట్టిగ పిసకమని మేమే చెప్పేటోళ్లం. అది తప్పని ఇప్పుడంటున్నరు, పిసికితే లోపల వాపు పెరుగుతదట. చల్లటి తడిబట్ట వెయ్యి. మీ అత్త మల్లెపూలు కడ్తనంటే ఒప్పుకోకు, అవి పాలు ఇంకిపోనీకి కట్టేటియి.

ముక్క తీసి చూసిన ఇసొంటి గడ్డలల్ల పదింట ఎనిమిది హాని లేనియే. మిగిలిన రెండిటి కోసమే స్కానింగ్. రెండు వారాలల్ల పోకపోయినా, పెరిగినా చూపెట్టాలె. నీది ఇరవై రోజులాయె. చర్మం బత్తాయి తొక్కలెక్క గుంటలు పడ్డా, చనుమొన కొత్తగ లోపలికి పోయినా, నెత్తురు కారినా, చంకల గడ్డ తగిలినా ఒక్క రోజు గూడ ఆగొద్దు.

స్కానింగ్‌కు భయమెందుకు? పాప కడుపుల ఉన్నప్పుడు చేసిందే ఇది. శబ్దం అలలే, పాలకు ఏం గాదు. లోపలికి పోయే ముందు పాపకు తాపు, రొమ్ము ఖాళీగుంటే బొమ్మ మంచిగ కనవడుతది. ముక్క తీయాల్నంటే తీయనియ్యి. ఆ రంధ్రంల కొన్ని దినాలు పాలు కారొచ్చు, ఐనా పాలియ్యొచ్చు. పరీక్షకు పంపే కాయితం మీద 'పాలిచ్చే తల్లి' అని తప్పక రాయించు. పాలిచ్చేటప్పుడు రొమ్ము కణాలు వేరేతీరుగుంటయి, చూసేటోళ్లు తికమకపడుతరు.

సోమవారం పొద్దున బస్సెక్కు, నల్లగొండ బస్టాండుల నేనుంట. ముందర గుండీలున్న జాకెట్ తొడుక్కో. పాపను ఇంట్ల ఇడిచిపెట్టకు, తీస్కరా, నేనెత్తుకుంట.

నీ పెద్దమ్మ