తేదీకి నెల కలిపేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

లోను వాయిదాల తేదీలు లెక్కగట్టే కోడు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నా తొలి ఉద్యోగంలో నేనూ అదే పని చేశాను. నెలకు 30 రోజుల చొప్పున కలుపుతూ పోయి, ఏడాది తిరిగేసరికి వాయిదా అయిదు రోజులు ముందే పడుతోందని ఒక ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా గమనించలేదు.

నెలకు నిలకడైన నిడివి లేదు. తిథులు తరిగి, అధిక మాసాలు వచ్చే పంచాంగం చూస్తూ పెరిగిన మనకు ఇది వింత కాకూడదు. పైథాన్‌లో కాలవ్యవధిని సూచించే టైమ్‌డెల్టాకు వారాలు, రోజులు, గంటలు ఇవ్వగలవు గాని నెలలు ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే. నెలలు కలపాలన్నా తీసివేయాలన్నా డేట్‌యుటిల్ అనే పైథాన్ లైబ్రరీలోని రిలేటివ్‌డెల్టా వాడు. అందులో ‘మంత్స్’ అని బహువచనంలో రాయాలి. పొరపాటున ‘మంత్’ అని రాశావంటే అది నెలను కలపదు, తేదీలో ఉన్న నెలనే మార్చేస్తుంది, ఎర్రరు కూడా చూపదు.

అసలు చిక్కు నెలాఖరులో ఉంది. 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే రిలేటివ్‌డెల్టా, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు రెండూ ఫిబ్రవరి 29 అంటాయి. జావాస్క్రిప్ట్‌లో సెట్‌మంత్ అనే ఫంక్షన్‌తో నెల పెంచితే మార్చి 2కు పోతుంది. ఆ ఫిబ్రవరి 29కి మరో నెల కలిపితే వచ్చేది మార్చి 29, అంటే 31 అన్న సంగతి మధ్యలోనే జారిపోయింది. వెనక్కి ఒక నెల తీసివేసినా జనవరి 29 దగ్గరే ఆగుతావు. అందుకని గత వాయిదాకు నెల కలపకుండా, ప్రతిసారీ మొదటి తేదీకే రెండు నెలలు, మూడు నెలలు అని కలుపుకుంటూ వెళ్ళు.

మన దేశంలో గడియారం మార్చే పద్ధతి లేదు గనుక రోజంటే 24 గంటలే. న్యూయార్క్‌లో గడియారం గంట ముందుకు జరిపిన 2024 మార్చి 10కి 23 గంటలే ఉన్నాయి. అక్కడి టైమ్‌జోన్ పెట్టి మార్చి 9 మధ్యాహ్నం 12కు 24 గంటలు కలిపితే పైథాన్ మర్నాడు మధ్యాహ్నం 12 అనే చూపిస్తుంది, నిజానికి గడిచింది 23 గంటలే అయినా. గడిచిన కాలమే ముఖ్యమైన చోట ముందు యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయానికి మార్చి, కలిపి, తిరిగి స్థానిక సమయానికి తెచ్చుకో.

ఇంతకూ 31వ తేదీ లేని నెలలో వాయిదా నెలాఖరున పడాలా, మర్నాడు ఒకటిన పడాలా అన్నది ఏ లైబ్రరీ తేల్చేది కాదు. కోడు మొదలుపెట్టే ముందు లోను ఒప్పందంలో ఏమి రాసి ఉందో మీ వాళ్ళను అడుగు.

ఇట్లు,
మావయ్య