మిక్సింగ్‌కి కూర్చునే ముందు ఇది చదువు, అమ్మడూ

అమ్మడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆ అరుపుల పాటలు విడుదల చేస్తుందంట, నువ్వైనా చెప్పరా" అంది. నేను ఆపుతానని తన ఆశ. గుంటూరు బ్రాడీపేటలో ఓ గదిలో గోడలకి దుప్పట్లు కట్టుకుని రెండేళ్లు కష్టపడి ఆరు డెత్ మెటల్ పాటలు సొంతంగా కట్టారంటే నాకెంత గర్వంగా ఉందో! భయం కూడా అంతే ఉంది, అందుకే తెల్లవారకముందే లేచి రాస్తున్నా.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఎవరు ఏం వాయించారో పేర్లు, స్పెల్లింగులు రెండుసార్లు చూసుకో. డబ్బు వస్తే ఎవరికెంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. రికార్డింగ్ ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరే ఇళ్లలో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నా స్నేహితుడు జీవితమంతా దాచుకున్న క్యాసెట్లు బురదలో తేలడం చూశాను.

ఇక అసలు మాట. మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాల్నీ గొంతునీ కలిపి ఏది ఎంత వినపడాలో సరిచేసే పని, అర్ధరాత్రి చేయకండి. సౌండ్ పెంచి అసలే చేయకండి.

1995లో మా ఆర్కెస్ట్రా వాళ్లం ఏడుగురం పినాకిని రైలెక్కి మద్రాసు వెళ్లాం, సొంత పాటల క్యాసెట్ కోసం. రెండు రోజుల స్టూడియో అద్దెకే డబ్బులు సరిపోయాయి. రెండో రోజు రాత్రి పదకొండుకి మిక్సింగ్ మొదలుపెట్టాం, అప్పటికి పొద్దున్నించీ ఆ స్పీకర్ల ముందే ఉన్నాం. నా గిటార్ కాస్త పెంచమన్నాను. అది పెరిగితే గొంతు వినపడలేదు, గొంతు పెంచారు, మళ్లీ నా గిటార్ పెంచమన్నాను. చివరికి మొత్తం సౌండ్ పెంచి వింటే గుండెల్లో మోగింది, ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నాం. సౌండ్ ఎక్కువున్నప్పుడు చెవికి బేస్, అంటే మంద్రమైన ధ్వని, నిండుగా తెలుస్తుందనీ, తగ్గించగానే ముందు పోయేది అదేననీ, అలసిన చెవి కీచుదనాన్ని పట్టుకోలేదనీ అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు.

మా ఢోలక్ కుర్రాడి నాన్న ఆటో నడిపేవాడు. క్యాసెట్లు రాగానే ఏలూరు రోడ్డు మీద ఆటో పక్కకి ఆపి, ఇంజన్ కూడా కట్టేసి, టేప్‌లో పెట్టాడు. చెవి స్పీకర్‌కి ఆనించి రెండు పాటలు మొత్తం విన్నాడు. "మావాడేడిరా?" అన్నాడు. ఢోలక్ లేదు. నా గిటార్ ఉంది, రేకు మీద మేకుతో గీకినట్టు. ఆ కుర్రాడు నా పక్కనే కూర్చున్నాడు, వాడి మొహం వైపు చూడలేకపోయాను. ఆయన ఇంకేమీ అనలేదు, క్యాసెట్ తీసి చొక్కా అంచుతో తుడిచి డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. మళ్లీ చేయించడానికి మా దగ్గర రూపాయి లేదు.

మీ పాటల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గిటార్లు మంద్రంలోకి దించేస్తారు, వాటితో బేస్ గిటార్, రెండు కాళ్లతో కొట్టే డబుల్ కిక్ డ్రమ్, నీ గొంతు, అన్నీ అక్కడే తోసుకుంటాయి. నువ్వు వినిపించావే, స్వీడన్ బ్యాండ్ ఎంటూమ్డ్ వాళ్లు స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో చేసి 1990లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్, గిటార్ సౌండ్‌ని గరగరలాడించే బాస్ హెచ్ఎం-2 పెడల్‌తో రంపం కోసినట్టుండే ఆ గిటార్, అందులో కూడా డ్రమ్ దెబ్బ దేనికది తెలుస్తుంది. అమెరికా బ్యాండ్ ఒబిచ్యువరీ ఫ్లోరిడాలోని మోరీసౌండ్ స్టూడియోలో చేసి 1989లో విడుదల చేసిన మొదటిదీ అంతే. మీరు చెప్పే పాత పద్ధతి డెత్ మెటల్ అంటే మోటుగా ఉండాలి గానీ ముద్దగా ఉండకూడదమ్మా.

గొంతు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపేయ్. చెవుల సంగతి మాత్రం నా మాట వినాల్సిందే. చవితి పందిళ్లలో ఏళ్ల తరబడి బాక్సుల పక్కన నిలబడ్డాను, ఇప్పుడు నా ఎడమ చెవిలో రాత్రీ పగలూ కీచురాయి అరుస్తూనే ఉంటుంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు, 100 అయితే పావుగంటే, అంతకు మించితే చెవికి చేటు. ఆ చిన్న గదిలో డ్రమ్స్ పక్కన ప్లగ్గుల్లేకుండా కూర్చుంటున్నారని అక్క చెప్పింది. బుద్ధి ఉందా మీకు? చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని నేను తీగ మీటితే అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి వినేదానివి, ఆ చెవులు పాడుచేసుకుంటావా?

మిక్స్ అయ్యాక రెండు రోజులు ముట్టుకోకండి. ఆ తర్వాత ఫోన్లో వినండి, ఆటోలో వినండి. మీ డ్రమ్మర్ వాళ్ల అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, వాళ్ల అబ్బాయి వినపడుతున్నాడా అని అడుగు.

ఆదివారం గుంటూరు వస్తున్నా, నలుగురికీ ప్లగ్గులు తెస్తా. అక్కతో నేను మాట్లాడతాలే.

మీ మామయ్య