మగపిల్లల పక్కన కూర్చోబోతున్నవాడికి

నాయనా,

ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "చూద్దాంలే" అని పెట్టేశాను. కోపమేమీ లేదు. ఆ టైంలో మోటారు దగ్గర ఉన్నాను, కరెంటు పోయేలోపు ఇంకో రెండు మడులు తడపాలి. పైగా అది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నెలకు రెండు ఆదివారాలు బెంగళూరు నుంచి వచ్చి, మన హైస్కూల్లో తొమ్మిది, పది చదివే మగపిల్లల్ని కాలేజీ దాకా చేర్చే పని చేస్తానంటున్నావు. మంచిదే. ఆడపిల్లలకి ఎందుకు వద్దని కాదు. మన బడిలో వాళ్ళు ఎలాగోలా కూర్చుని చదివేసుకుంటున్నారు, ఏటా ఫలితాల్లో ముందుండేది కూడా వాళ్ళే. జారిపోతున్నది మగపిల్లలు. ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను కాబట్టి నాకు అన్నీ తెలుసనుకుని అడిగావు. నాకు బాగా తెలిసినవి నేను చేసిన తప్పులు. అవే ఎక్కువ రాస్తాను.

"బడిలో మీటింగు పెట్టించండి సార్, గంట మాట్లాడతాను, స్లైడ్లు రెడీ చేస్తున్నా" అన్నావు చూడు, ముందు ఆ ఆలోచన మానెయ్. అలాంటి మీటింగులు నేను చాలా పెట్టించాను. పిల్లలు చప్పట్లు కొడతారు, వచ్చినాయనకి శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. సోమవారం చూస్తే వెనక బెంచీలో ఇద్దరు ఉండరు. ఎక్కడికెళ్ళారంటే సెంట్రింగ్ పనికి. ఉపన్యాసం విన్నవాడు నిన్ను మెచ్చుకుంటాడు, అంతే. వాడి మనసులో ఏముందో నీకు తెలియదు, నువ్వెవరో వాడికి తెలియదు.

మగపిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి "నీ సమస్యేంటిరా" అంటే నేల చూస్తాడు. "ఏం లేదు సార్" అంటాడు. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒకసారి నా సైకిల్ పంచరైతే పదో తరగతివాణ్ణి ఒకణ్ణి సాయానికి పిలిచాను. బేసిన్లో నీళ్ళు పోసుకుని ట్యూబు ముంచి తిప్పుతున్నాం. బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెతుకుతూ, తల ఎత్తకుండా, "సార్, మా నాయనకి ఎనభై వేలు అప్పుంది. నేను ఇంటర్లో చేరను" అన్నాడు. మూడేళ్ళుగా నా క్లాసులో ఉన్నవాడు. వాడి నోట అంత పొడుగు మాట వినడం నాకు అదే మొదటిసారి. నేనూ తల ఎత్తలేదు. "గరుకు కాగితం ఇటివ్వు" అన్నాను. ట్యూబు మీద రుద్దాను, సొల్యూషన్ పూశాను, ఆరేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం. అప్పు గురించి ఆ రోజు ఇంకేమీ మాట్లాడుకోలేదు. మర్నాడు సాయంత్రం వాడే వచ్చాడు, "పాలిటెక్నిక్‌కి ఎంతవుతుంది సార్" అంటూ.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని, వాళ్ళ చేతులకి ఏదో ఒక పని పెట్టి పక్కన కూర్చోవడం. వాలీబాల్ నెట్ కట్టండి, బడి చెట్లకి పాదులు చెయ్యండి, పాడైన ఫ్యాను విప్పండి. మాటలు వాటంతటవే వస్తాయి. వచ్చినప్పుడు వెంటనే సలహా ఇవ్వకు. ఇంకో మాట, ఇదంతా హెడ్మాస్టరుకీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకీ చెప్పి, నలుగురూ తిరిగే బడి వరండాలోనే జరగాలి. పిల్లాణ్ణి ఒంటరిగా బండెక్కించుకుని టౌనుకి తీసుకెళ్ళడాలు వద్దు. నీమీద అనుమానం ఉండి చెప్పడం లేదు. పిల్లలతో పనిచేసే ఎవరికైనా ఇదే చెబుతాను.

ఇప్పుడు కూలి గురించి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనవైపు పది తప్పినవాడు మార్కాపురం పలకల పనికి వెళ్ళేవాడు. ఇప్పుడు బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాదు పోతున్నాడు. పరీక్షలు మార్చిలో అయిపోతాయి. ఏప్రిల్లో మేస్త్రీ వెంట వెళ్తాడు. మొదటి వారం కూలి చేతిలో పడగానే ఒక ఫోను, ఒక జత బూట్లు కొంటాడు, అమ్మ చేతిలో కొంచెం పెడతాడు. ఇంట్లో వాడి మాటకి విలువ పెరుగుతుంది. ఆ రుచి చూసినవాణ్ణి జూన్లో మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టడం మాటలు కాదు. దీన్ని సోమరితనం అనుకుంటే నువ్వు ఓడిపోయినట్టే. వాడు ఇంటి బరువు ఎత్తుకోవాలనుకుంటున్నాడు, అది పౌరుషం. ఆ పౌరుషాన్ని తప్పు పట్టకుండా లెక్క చూపించాలి. మూడేళ్ళ డిప్లొమా తర్వాత ఎంత, ఇప్పుడు ఎంత, ఆ మూడేళ్ళు ఇల్లు ఎలా గడవాలి, కాగితం మీద వాడి చేతే రాయించు. తండ్రిని కూడా కూర్చోబెట్టు.

ఒక్కటి మాత్రం చచ్చినా అనకు. "చదువుకోకపోతే ఇటుకలు మోస్తావు" అని నేను ఒకసారి క్లాసులో అన్నాను. మూడో బెంచీలో బేల్దారి మేస్త్రీ కొడుకు ఉన్నాడు. వాడు ఏమీ అనలేదు, నావైపు చూశాడంతే. ఆ తర్వాత హోంవర్కు చూపించడం మానేశాడు. వాళ్ళ నాన్న ఇటుకలు మోసి వాడికి పుస్తకాలు కొన్నాడు, నేనేమో ఆ ఇటుకలనే బూచిగా చూపించాను. తర్వాత సర్దిచెప్పబోయాను గానీ, అలాంటివి సర్దుకోవు.

దారుల సంగతి. మన ఊళ్ళో చదువంటే ఇంటర్ ఎంపీసీ, తర్వాత ఇంజనీరింగు, ఆ తర్వాత నీలాగా సాఫ్ట్‌వేరు. నువ్వే అందుకు సాక్ష్యం కాబట్టి పిల్లలందరూ నిన్ను చూసి అదే అంటారు. నువ్వు కూడా తెలియకుండానే అదే చెబుతావు. నేను చెప్పాను. ఫ్యాన్లు, మిక్సీలు విప్పి బిగించే ఒక పిల్లాడికి పదిలో మంచి మార్కులొస్తే, వాళ్ళ నాన్నని ఒప్పించి సిటీలో హాస్టలున్న కాలేజీలో ఎంపీసీలో చేర్పించాను. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా చదువు. దసరాకి ఇంటికొచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. కట్టిన ఫీజు పోయింది, ఏడాది పోయింది, వాడు ఆరు నెలలు నా ముందుకు రాలేదు. తర్వాత తనంతట తానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు. మొన్న నా స్టార్టరు కాలిపోతే వాడే వచ్చి బాగుచేసి, డబ్బులు వద్దన్నాడు. ఇస్తే తీసుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

అందుకని అన్ని దారులూ నువ్వు ముందు తెలుసుకో. పదో తరగతి మార్కులతోనే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటొస్తుంది. అక్కడ ఇంటర్‌తో సమానమైన పీయూసీ రెండేళ్ళు, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు. 2008లో ఈ ట్రిపుల్ ఐటీల యూనివర్సిటీని మొదలుపెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం, ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకి కొంత వెసులుబాటు కూడా ఉంది. ఫస్టు ర్యాంకువాడికి ఎవరైనా చెబుతారు, ఐదో ర్యాంకువాడికి నువ్వు చెప్పు. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్ 120 మార్కుల పరీక్ష, అంతా పదో తరగతి సిలబస్సే. డిప్లొమా మూడేళ్ళు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు. పాలిసెట్‌కి దరఖాస్తు గడువు చాలాసార్లు పది ఫలితాలు రాకముందే అయిపోతుంది, ఏటా మనవాళ్ళు మోసపోయేది అక్కడే. "రిజల్టు చూసుకుని చూద్దాం" అన్నవాడు ఆ ఏటికి పోయినట్టే. పొలం పని ఇష్టమున్నవాడికి వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది, రెండేళ్ళు. మిషన్ల పిచ్చి ఉన్నవాడికి హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968 నుంచి నడుస్తోంది, పది తర్వాత ఎంట్రన్సు రాసి టూల్, డై, మోల్డ్ తయారీ డిప్లొమాలో చేరొచ్చు. దాని పేరు మన మండలంలో ఎంతమందికి తెలుసో అడిగి చూడు. ఐటీఐని మాత్రం చదువు రానివాడి దారిలా చెప్పకు. ఇక ఎనిమిదో తరగతివాళ్ళని కూడా ఒక కంట చూస్తూ ఉండు. ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఆ ఏడే రాయాలి, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నెలకి వెయ్యి రూపాయల లెక్కన పడుతుంది. ఇంటర్‌కి ప్రైవేటు కాలేజీకి మారితే ఆగిపోతుందని ముందే చెప్పాలి.

కాగితాలు. నవ్వకు, అసలు యుద్ధం ఇక్కడే. ఒక పిల్లాడికి బడి రిజిస్టర్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పేరు చివర ఉంది. పుట్టిన తేదీ రెండు చోట్ల ఒకటి, మూడో చోట ఇంకొకటి. ఇవన్నీ కౌన్సెలింగు రోజు బయటపడ్డాయి. నెట్ సెంటర్లో వరసలో నిలబడి, వాడు చెమటలు కక్కుతూ మూడు కాగితాలూ మార్చి మార్చి చూసుకోవడం నా కళ్ళతో చూశాను. తనదేదో తప్పన్నట్టు నిలబడ్డాడు పాపం. పదో తరగతి సర్టిఫికెట్లో పడ్డ పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. కాబట్టి పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ళ జాబితా, బోర్డుకి వెళ్ళేలోపే, అంటే తొమ్మిదిలో ఉండగానే, సరిచేయించాలి.

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టు. పిల్లాడికో పేజీ. ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, అమ్మ ఫోన్ నంబరు. నాన్న నంబరు ఒక్కటే రాసుకుంటే నీకే కష్టం, ఆయన ఏ ఊళ్ళో పనిలో ఉంటాడో తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకి ఇవే అడుగుతారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, కాగితాలు మాత్రం ఇవే. సచివాలయానికి వాణ్ణే పంపు, నువ్వు వెళ్ళకు. కౌంటర్ దగ్గర నిలబడి, "ఇది ఎప్పటికి వస్తుందండీ" అని గొంతు వణక్కుండా అడగడం కూడా చదువే.

హాస్టల్‌కి వెళ్ళబోయేవాడికి బట్టలు ఉతుక్కోవడం, గుండీ కుట్టుకోవడం, అన్నం వండి గంజి వార్చడం నేర్పించు. మన ఇళ్ళల్లో పదహారేళ్ళ మగపిల్లాడు తిన్న కంచం తీయడు, అమ్మో చెల్లో తీస్తారు. ఇదేదో ఉద్యమంలా చెప్పకు, నవ్వుతారు. మీ ఆదివారాల్లో తిన్న తర్వాత నీ కంచం నువ్వు కడుక్కో, చాలు. ఆడపిల్లల గురించి వాళ్ళు వెకిలిగా మాట్లాడితే నువ్వు నవ్వకు. నువ్వు నవ్వలేదని వాళ్ళు గమనిస్తారు.

బెట్టింగు యాప్‌ల గురించి నీకే నాకంటే బాగా తెలుసు. తెలంగాణలో 2017లో, మన దగ్గర 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించారు. అయినా పిల్లల ఫోన్లలో అవి ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉన్నాయి. పోగొట్టుకున్నవాడు ఇంట్లో చెప్పలేడు. నీకు చెప్పుకునే పరిస్థితి ఉండాలి. చెప్పినప్పుడు తిట్టకు, ఆ డబ్బు నువ్వు కట్టకు. వాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళు.

ఫలితాల రోజు మాత్రం సెలవు పెట్టి ఊళ్ళో ఉండు. మిగతా ఆదివారాలు ఒకటీ అరా తప్పినా ఫర్వాలేదు గానీ ఆ రోజు తప్పకూడదు. పాసైనవాళ్ళని స్వీట్లకి వదిలెయ్, తప్పినవాడు ఎక్కడున్నాడో వెతుకు. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళు. సప్లిమెంటరీ వెంటనే ఉంటుంది, అందులో గట్టెక్కితే ఏడాది పోదు. ఈ మాట ఆ రోజు కంటే ముందే, జనవరిలోనే, అందరికీ చెప్పి ఉంచు. ఆ రోజు వాడి చెవికి ఏదీ ఎక్కదు. పిల్లాడి మాటల్లో ఏదైనా తేడాగా అనిపిస్తే ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్ళకి చెప్పు. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో.

ఎంతమందిని తీసుకోవాలని కదా నీ ఆఖరి ప్రశ్న. ఎనిమిది మంది. నువ్వు నలభై అనుకుంటున్నావని తెలుసు. నలభై మంది పేర్లు నోటికి రావు, వాళ్ళ అమ్మల పేర్లు అసలే రావు. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు మధ్యలో పోతారు. పోయినవాళ్ళు బజార్లో కనిపిస్తే ముఖం తిప్పుకోకుండా నువ్వే పలకరించు, రెండేళ్ళకైనా ఒకడు తిరిగొస్తాడు. సీటొచ్చినవాడు తర్వాత ఫోన్ చెయ్యడు. నువ్వు నాకెన్నేళ్ళు చెయ్యలేదో గుర్తుందా?

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకే దిగు. ముందు ఇంటికి రా, మా ఇంటావిడ జొన్నరొట్టె చేస్తానంటోంది. పిల్లల్లో ఇద్దరికి పదింటికి రమ్మని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. నా సైకిల్ వెనక చక్రం మళ్ళీ గాలి దిగుతోంది. బాగుచేయించకుండా అలాగే ఉంచాను.

నీ మాస్టారు